గాలి కొట్టని మిస్త్రీ

మొన్న బుధవారం పొద్దున విత్తన పత్తి బస్తాలకు చీటీలు కుట్టిస్తుంటే ఫోన్ వచ్చింది. బీచుపల్లి దగ్గర హైవే పక్కన టైర్ల దుకాణం నడిపిన మిస్త్రీ కూతురు. “నాయిన పోయిండు సారూ. రేపు గోపాల్‌పేటల మట్టి చేస్తున్నం,” అని చెప్పింది. ఫోన్ పెట్టేశాక నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. గుండె తేలికైంది. ఇక ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను అనుకున్నాను. మనిషి పోయాడన్న కబురు విని ఎవరూ అనుకోకూడని మాట అది. అనుకున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

చదివే మీకు ఆయనెవరో తెలియదు. ఆయన దుకాణమంటే నాలుగు రేకులు, ఒక గాలి మిషను, పంక్చరు చూసే నీళ్ల తొట్టి, అంతే. పడుచుతనంలో మట్టిపనికి, కూలీలను తోలుకుపోయే మేస్త్రీ వెంట పుణె పోయాడట. అక్కడ లారీల షెడ్డులో టైర్ల పని పట్టుబడింది. చాలా ఏళ్లకు తిరిగి వచ్చి ఇక్కడ రేకులు వేసుకున్నాడు. ఆదివారం మాత్రం ఎంతటి లారీవాడు బతిమాలినా జాకీ ముట్టేవాడు కాదు, గోపాల్‌పేట చర్చికి మొదటి బస్సుకే పోయేవాడు. మిగతా ఆరు రోజులూ ఆయన మోకాళ్లు నేలమీదే ఉండేవి.

ఆయనకో పట్టుదల ఉండేది. గాలి కొట్టించుకోవడానికి బండి ఆగితే పైపు అందుకునే ముందు టైరు వయసు చూసేవాడు. ప్రతి టైరు పక్కన నాలుగు అంకెలు అచ్చేసి ఉంటాయి. మొదటి రెండూ అది తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. చాలా టైర్లకు అవి ఒకవైపే ఉంటాయి, బిగించేటప్పుడు ఆ వైపు లోపలికి పడితే బయటికి కనబడవు. అప్పుడు గోనెసంచి పరచుకుని, వెల్లకిలా బండి కిందికి దూరి, టార్చి వేసి చదివేవాడు. ఆరేళ్లు దాటితే జాగ్రత్త చెప్పేవాడు. పదేళ్లు దాటితే ఇక గాలి కొట్టేవాడు కాదు. గాలి అడిగితే జాతకం చెప్తాడేందని తిట్టుకుంటూ పోయినవాళ్లు ఎంతమందో. ఆయన పట్టించుకునేవాడు కాదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది, దాన్ని మీరు గుర్తుపెట్టుకోవాలి. అగ్గిపుల్లను తెల్ల పెయింటులో ముంచి ఆ అంకెల పక్కనే తాను చెప్పింది రాసేవాడు. ‘మార్చాలె’ అనో, ‘వానకాలం దాంక నడుస్తది’ అనో. దాని పక్కన ఎవరికి చెప్పాడో అది కూడా. ‘డ్రైవర్‌కు చెప్పిన.’ ‘ఓనర్‌కు చెప్పిన.’ లారీ ఒకరిది, నడిపేది ఒకరు. రేపు ఏదన్నా అయితే నాకు చెప్పలేదంటే నాకు చెప్పలేదని కొట్టుకుంటారు. అందుకని ఆ రాత.

మా అన్న విత్తన పత్తి ఆర్గనైజరు. చుట్టుపక్కల రైతులకు ఆడ, మగ విత్తనాలిచ్చి, క్రాసింగు చేయించి, పండిన విత్తనం కంపెనీకి తోలేవాడు. ఒక ఏడు బాగా కలిసొచ్చింది. చిన్నప్పటి నుంచి ఆయనకు స్పోర్ట్స్ కారు పిచ్చి. హైదరాబాద్‌లో ఎవరో అమ్ముతున్నారని తెలిసి నన్ను చూసి రమ్మన్నాడు. ఎర్రటిది, రెండు తలుపులు, నేలకు జానెడెత్తు. నేను పోయి, చుట్టూ తిరిగి, టైరు మీద చెయ్యి వేసి, గ్రిప్పు కొంచెం కూడా అరగలేదని, టైర్లు కొత్తవేనని అన్నకు ఫోన్‌లో చెప్పాను. ఆ ఒక్క మాటతో కారు మా ఇంటికి వచ్చింది.

మా ఊరి రోడ్లకు ఆ కారు పనికిరాదు. స్పీడ్ బ్రేకరుకు పొట్ట తగులుతుంది. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో బయటికి తీసేవాడు. మిగతా రోజులు రేకుల షెడ్డులో గుడ్డ కప్పుకుని నిలబడి ఉండేది. దసరాకు మాత్రం నేనే కడిగి, టైర్లకు నూనె పట్టించి నల్లగా నిగనిగలాడించేవాణ్ని. బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గరికి తీసుకుపోయి, పూజ చేయించి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించి తెచ్చేవాళ్లం. వాడని వస్తువు కొత్తగానే ఉంటుందని మా ఇంట్లో అందరి నమ్మకం.

ఒకసారి పూజ నుంచి వస్తుంటే వెనక టైరుకు మేకు దిగింది. అన్న వేరే బండిలో ముందు పోయాడు, నేను కారు మిస్త్రీ దగ్గరికి తోలాను. చక్రం విప్పి లోపలివైపు అంకెలు చూసి ఆయన ముఖం మార్చాడు. బొటనవేలితో గ్రిప్పు సందులు విడదీసి చూపించాడు. నేను పట్టించిన నూనె కింద సన్నటి నెర్రెలు, ఎండిన రేగడి చేనులో లాగా.

“తొమ్మిదేండ్ల టైరు సారూ ఇది. బండి నడ్వకున్నా టైరుకు ఏండ్లు నడుస్తనే ఉంటయి. నడిచేదానికన్నా నిలవడ్డదానికే తొందరగ ముసలితనమొస్తది,” అన్నాడు.

గ్రిప్పు ఇంత బాగుంది కదా మామా అన్నాను. పండ్లన్నీ ఉన్నంత మాత్రాన ముసలోడు పడుచోడైతడా అని నవ్వాడు. ఆ తర్వాత ఆయన చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. “విత్తనం సంచికి తారీఖు సూస్తరు గద. పాత విత్తనమైతే గింజ ఎంత మెరిసినా చేన్ల ఎయ్యరు. మరి దీని తారీఖు ఎందుకు సూడరు?”

మేం పుట్టి పెరిగిందే తారీఖుల్లో. గడువు దాటిన సంచి ఒక్కటి కలిసినా ఊరు ఊరంతా మా ఇంటిమీదికి వస్తుంది. అలాంటి ఇంటివాణ్ని నేను. ఆయన నాలుగు టైర్లూ చూశాడు, నాలుగూ ఒక ఈడువే. అగ్గిపుల్ల పెయింటులో ముంచి విప్పిన చక్రం మీద రాసి, రాసిన వైపు లోపలికి బిగించాడు. మీ అన్నకు చెప్పు, స్పీడు మీద పోయే బండి ఇది అని రెండుసార్లు చెప్పాడు.

నేను చెప్పలేదు. మరిచిపోయాను అంటే అబద్ధం. టైర్లు కొత్తవని కారు కొనిపించింది నేను. కొన్నప్పుడే వాటికి ఏడేళ్లని ఇప్పుడు చెబితే, గింజ చూసి తారీఖు చెప్పగలిగే మా అన్న నలుగురి ముందు నన్ను నవ్వులపాలు చేస్తాడు. కారు కదిలేదే లేదు, వచ్చే దసరాకు చెబుదాం అనుకున్నాను. దసరా వచ్చింది, నూనె పట్టించాను. ఇంకో దసరా కూడా పోయింది. నాకు అడ్డం వచ్చింది అంత చిన్న సిగ్గు.

మూడేళ్ల కింద ఒక శనివారం అన్న హైదరాబాద్ మీటింగుకు ఆ కారులోనే పోతానన్నాడు. ఎనిమిది నెలలు కదలని బండి, ఒక టైరు నేలకు అంటుకుపోయింది. ఫుట్ పంపుతో కొంత కొట్టి, పూర్తిగా కొట్టించుకు వస్తానని దుకాణానికి తోలాను. మిస్త్రీ వంగి చూసి, ఇంకా అవ్వే ఉన్నయేంది సారూ అని పైపు మళ్లీ కొక్కేనికి తగిలించేశాడు. గాలి కొట్టనన్నాడు. ఇంటి దగ్గర అన్న తయారై కూర్చున్నాడు. అప్పుడు నా నోటి నుంచి ఎంత సాఫీగా వచ్చిందో ఆ అబద్ధం. అన్నకు చెప్పాను మామా, కొత్తవి ఆర్డర్ పెట్టాడు, వారంలో వస్తాయి, ఈ ఒక్కసారికి కొట్టు అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. నమ్మాడు. ఇన్నేళ్లలో ఆయన తన మాట తప్పింది నాకు తెలిసి అదొక్కసారే, అది నా కోసం. మీటరు ముల్లు చూసుకుంటూ నాలుగింటికీ సరిగ్గా కొట్టి, స్పీడు అరవై దాటనియ్యొద్దని చెప్పు అన్నాడు. ఇంటికొచ్చి అన్న చేతికి తాళం ఇస్తూ నెమ్మదిగా పో అన్నా అన్నాను. బండెక్కే ప్రతివాడికీ అందరం చెప్పే మాటే అది. ఆయన దాన్ని అలాగే విన్నాడు.

పెబ్బేరు దాటాక వెనక టైరు పేలింది. కారు డివైడర్ ఎక్కి పల్టీ కొట్టింది. వనపర్తి దవాఖానకు చేరేలోపే అన్న ప్రాణం పోయింది.

దినాల్లో బంధువులు కూర్చుని కారణం తేల్చేశారు. టైర్లు చూస్తే కొత్తగా ఉన్నాయి, నల్లగా మెరుస్తున్నాయి. మరి ఎందుకు పేలినట్టు? టైర్లవాడు గాలి ఎక్కువ కొట్టి ఉంటాడు. ఆ మాట ఇల్లంతా తిరిగి వదిన దగ్గరికి చేరింది. పదకొండో రోజు దాటగానే ఆమె దుకాణానికి పోయింది, వెంట నేను. నా పసుపు కుంకాలు తీసుకుపోయినవని, నీ చేతులు పడిపోనని నడి హైవే మీద నిలబడి శాపనార్థాలు పెట్టింది. మిస్త్రీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కసారి నావైపు చూశాడు. ఆ చూపుతోనే ఆయనకు అంతా తెలిసిపోయింది. నేను తేలు కుట్టిన దొంగలా నీళ్ల తొట్టిలోకి చూస్తూ ఉండిపోయాను.

“తప్పైంది తల్లీ. నేను గాలి కొట్టకపోయ్యేది ఉండె,” అన్నాడు. అది నిజమే. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

ఆ తర్వాత మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆయన దగ్గర బండి ఆపడం మానేశారు. దారినపోయే లారీలు ఆగేవి. పంక్చర్లు వేసేవాడు కానీ గాలి మాత్రం డ్రైవర్లనే కొట్టుకోమనేవాడు. మళ్లీ ఆ పైపు చేత్తో పట్టలేదు.

ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి పోయాను. గోనెసంచి మీద కూర్చుని సద్దిరొట్టె తింటున్నాడు. వదినకు చెప్పేస్తాను మామా అని మొదలుపెట్టానో లేదో చెయ్యి అడ్డం పెట్టాడు. ఎప్పుడూ సారూ అనేవాడు, ఆ రోజు అనలేదు.

“ఆమెకు, మీ అన్న పిల్లకు నువ్వొక్కనివే దిక్కు బిడ్డా. తెలిస్తే మీ ఇంట్ల పెట్టిన ముద్ద ముడ్తదా ఆమె? పొయ్యినోడు పొయ్యిండు. ఉన్నోళ్లు ఒక్కతాన ఉండాలె. నాకంటవా, రోడ్డు మీద బతికేటోన్ని, తిట్లు నాకు కొత్త గాదు.”

రొట్టెలో సగం తుంచి నాకు పెట్టాడు, తిన్నాను. ఆయన మాటను నేను క్షమాపణగా తీసుకున్నాను, తర్వాత సెలవుచీటీగా వాడుకున్నాను. రెండేళ్లు. రోజూ వదిన చేతి అన్నం తిన్నాను. హైవే మీద ఆ రేకులు కనబడగానే ఆమె ముఖం తిప్పుకుంటుంటే పక్కన కూర్చుని బండి నడిపాను. ఆయన మంచితనం గురించి ఎంత రాసినా, దాన్ని నేను ఎట్లా ఖర్చుపెట్టానో రాయకపోతే ఇది స్మృతి కాదు.

గోపాల్‌పేటలో మట్టి అయ్యాక ఆయన కూతురు నా దగ్గరికి వచ్చింది. దుకాణం ఖాళీ చేస్తున్నామని, మా బండి టైరొకటి ఉందని, నాయిన దాన్ని ఎవ్వరినీ ముట్టనియ్యలేదని చెప్పింది. మర్నాడు పోయాను. వెనక గోడకు ఆనించి ఉంది. పోలీసుల పని అయిపోయాక యార్డుకు పోయి అడిగి తెచ్చుకున్నాడట. పైన గ్రిప్పు పట్ట లేచిపోయింది, పక్క గోడలు మాత్రం మిగిలాయి. లోపలివైపు గోడకు తిరిగి ఉంది. తిప్పాను.

నాలుగు అంకెల చుట్టూ తెల్లగా సున్న. దాని పక్కన అగ్గిపుల్లతో రాసిన అక్షరాలు, కొంచెం పసుపెక్కాయి కానీ ఒక్కటీ చెరగలేదు. ‘నాలుగు మార్చాలె. తమ్మునికి చెప్పిన.’

వదిన శాపాలు పెట్టిన రోజు నుంచి మొన్న పోయేదాకా ఆ రాత ఆయన దగ్గరే ఉంది. తన మీద నింద వేసిన ఏ మనిషికైనా దాన్ని ఇటు తిప్పి చూపిస్తే చాలు. మూడేళ్లు గోడవైపు తిప్పి పెట్టాడు.

ఉన్నవాళ్లు ఒక్కచోట ఉండాలన్నాడు మిస్త్రీ. ఈ ఒక్కటి ఆయన మాట వినలేను. టైరు ట్రాలీలో వేసుకుని ఇంటికి తెచ్చి, దర్వాజ పక్కన అరుగుకు ఆనించాను, రాత బయటికి ఉండేట్టు. వదిన వాకిట్లో చాట ముందేసుకుని గింజలు ఏరుతోంది. అదేంది మరిదీ అని అడిగింది. చదువు వదినా అన్నాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, టైరు ముందు కూర్చుంది. ఆమె చదువు కొద్దిపాటిది. అక్షరం కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, మొదటి నుంచి కూడబలుక్కోసాగింది.