గుడ్డు జట్టు, టీ జట్టు

ఒక సంఘాన్ని చీల్చడానికి ఒక్క ఉడికిన కోడిగుడ్డు చాలునని మీకు తెలుసా? నాకూ తెలియదు, మాచర్లలో మా చర్చి సంఘాన్ని నేనే స్వయంగా చీల్చేదాకా.

అప్పుడు నరసరావుపేటలో డిగ్రీ ఆఖరి ఏడాది. పొద్దుటి తిండికీ జ్ఞాపకశక్తికీ ఉన్న సంబంధం మీద ప్రాజెక్టు చేయాలి. కూటి కోసం కోటి విద్యలంటారు. నేను ఒక్క విద్య కోసం కోడిగుడ్లు పట్టుకున్నాను. సెలవులకు ఊరొచ్చి, నేను పాఠం చెప్పే సండేస్కూలు పిల్లల్ని రెండు జట్లు చేశాను. ఒక జట్టుకు గుడ్డు, పల్లీ ఉండ. రెండో జట్టుకు రోజూ తాగే టీ, రస్కు. ఎవరు ఏ జట్టో మన ఇష్టప్రకారం ఎంచకూడదని కాలేజీలో మేడం చెప్పింది. మాకదేమన్నా కొత్తా? ప్రార్థన చేసి చీట్లు తీశాను. రెండు జట్లకీ ఒకే బైబిలు వాక్యభాగం నేర్పి, ఎవరికి బాగా వస్తుందో చూడాలి.

మర్నాడే నాపరాళ్ల క్వారీలో పనిచేసే మార్తమ్మత్త గుమ్మంలో నిలబడింది.

"ఏమే ప్రసన్నా! ఆ దీవెన పిల్లకేమో గుడ్డు, మా యోహానుకేమో టీనీళ్లా?"

"చీటీలో అట్టా వచ్చిందత్తా."

"అంటే దేవుడే మావోడికి గుడ్డొద్దన్నాడా?"

"పరిశోధనత్తా! గుడ్డు తిన్నోళ్ల మెదడు ఎట్టా పనిచేస్తదో, తిననోళ్లది ఎట్టా పనిచేస్తదో చూడాల."

"ఓహో! మావోడు మొద్దని రుజువు చేయటానికి టీ పోస్తన్నావన్నమాట!"

ఆదివారానికి ఆడవాళ్ల చాపలు రెండుగా విడిపోయాయి. గుడ్డు తల్లులు కిటికీ వైపు, టీ తల్లులు గోడ వైపు. పాటలో కూడా ఒక వైపు చరణం రెండో వైపు అందుకోలేదు. పాస్టరయ్య నన్ను పక్కకు పిలిచాడు.

"అమ్మా, సంఘాలు సిద్ధాంతాల మీద చీలటం చూశాను. గుడ్డు మీద చీలటం ఇదే చూడటం. వచ్చే వారం పిల్లల చేత అందరి ముందూ అప్పజెప్పించి, దీన్ని ముగించు."

మేడంను కూడా రమ్మన్నాను. గుడ్డు జట్టే గెలుస్తుందని ప్రాజెక్టు ముగింపు ముందే రాసేసుకున్నాను మరి! కోడి పెట్టకముందే అట్టు వేసిన ఘనురాలిని.

గుడ్డు జట్టు తడుముకోకుండా అప్పజెప్పింది. నా తల మైకు కన్నా ఎత్తుకు లేచింది. తరువాత టీ జట్టు లేచింది. అదీ తడుముకోలేదు! యోహానైతే కుళాయి తిప్పినట్టు చెప్పాడు. మార్తమ్మత్త నావైపు చూసిన చూపుకు గుడ్లు ఉడుకుతాయి.

"తేడా ఏదమ్మా?" అంది మేడం. నా డిగ్రీ కళ్లముందే జారిపోతోంది. దీవెనను పట్టుకున్నాను.

"నిజం చెప్పవే. గుడ్డు తిన్నావా లేదా?"

"సగం తిన్నా టీచరక్కా. సగం యోహానుకి పెట్టా. వాడు సగం టీ ఇచ్చాడు. అందరం అంతే."

"ఇంకొకరికి పెట్టొద్దని చెప్పానా లేదా!"

"చెప్పావు. మళ్లీ నువ్వే, ఉన్నోళ్లు లేనోళ్లకు పెట్టాలన్న వాక్యం బట్టీ పట్టించావు. ఏంది అక్కా, ఏది వినాల మేము?"

అంత లావు గ్రంథంలో, వెతికి వెతికి ఆ భాగమే ఎంచుకున్న మేధావిని నేను! మందిరం గొల్లుమంది. గోడ వైపు నుంచి మార్తమ్మత్త లేచి వచ్చి దీవెనను ఎత్తుకుంది. ఆ వెనకే చాపలు కూడా కదిలాయి.

మేడం కళ్లు తుడుచుకునేంతగా నవ్వి, "ప్రయోగం చెడింది, మళ్లీ చెయ్" అంది. ఈసారి హాస్టల్ అమ్మాయిల మీద చేశాను. వాళ్లకు వాక్యం నేర్పలేదు. ఒక్కతీ పెసరగింజంత కూడా ఎవరికీ పెట్టలేదు. మార్కులు బాగానే వచ్చాయి. కానీ నేను ఊరంతా చెప్పుకు తిరిగేది మాత్రం ఆ చెడిన ప్రయోగం గురించే.

బైబిలు వద్దంది గనక మేం ఒట్లు పెట్టుకోం. అయినా సంఘం ఎదుట నిలబడి గంభీరంగా తీర్మానిస్తున్నాను: ఇకమీదట ఎవరి మీదైనా పరిశోధన చేస్తాను గానీ, మా సండేస్కూలు పిల్లల జోలికి పోను. వాళ్లతో చానా ప్రమాదం. నేర్పింది చేసేస్తారు.