ఎర్త్ ఇవ్వని లైట్లు

ఇరవై రెండేళ్లుగా అతనికి కరెంటు పనే లోకం. గోడ మీద చెయ్యి వేస్తే లోపల వైరు ఎటు పోయిందో చెప్పేస్తాడని తోటివాళ్లు అతన్ని ‘ఎక్స్‌రే’ అని పిలిచేవాళ్లు. అంతటి పనివాడు తెలిసి తెలిసి ఒక తప్పు చేశాడు.

ఆసుపత్రిలో పాత ట్యూబులు పీకేసి ఎల్‌ఈడీ లైట్లు బిగించే పని అతని కాంట్రాక్టరుకు దొరికింది. ప్రతి లైటు వెనకా ఇనుప పెట్టెలో ఒక డ్రైవర్ ఉంటుంది. కరెంటును లైటుకు తగ్గట్టు మార్చేది అదే. ఆ పెట్టెకు ఎర్త్ ఇవ్వకపోతే ముట్టుకున్న చెయ్యి జివ్వుమంటుంది. డ్రైవర్‌లో పుట్టే కరెంటు రొద పక్కనున్న యంత్రాల్లోకి కూడా దూరుతుంది. లోపలికొచ్చే వైర్లనూ, లైటుకు పోయే వైర్లనూ కలిపి కట్టకూడదు. ఇవన్నీ డబ్బాలో పెట్టిన కాగితంలోనే ఉన్నాయి.

“ఈ పైపుల్లో ఎర్త్ వైరు లేదు సార్. కొత్తగా లాగాలి,” అన్నాడు.

“లైటు వెలుగుతోందా లేదా?” అన్నాడు కాంట్రాక్టరు. “వెలుగుతోందిగా. నోరు మూసుకుని కానియ్.”

మూసుకున్నాడు. వైర్లన్నీ ఒకే కట్టగా కట్టేశాడు. ఫారంలో ‘ఎర్త్ సరిచూశాను’ అన్నచోట సంతకం కూడా పెట్టాడు.

అదే ఆసుపత్రిలో అతని మరదలు, భార్యకు ఒక్కగానొక్క చెల్లెలు, ఈసీజీ తీసేది. లైట్లు మారిన వారం నుంచే కాగితం మీద గీత గడ్డి మొలిచినట్టు రావడం మొదలైంది. రోగుల ఒంటికి అంటించే బిళ్లలు మళ్లీ మళ్లీ అంటించింది, తీగలు మార్చింది, రోగుల్ని కదలొద్దని బతిమాలింది. “నీకు పని మీద ధ్యాస లేదు,” అని పెద్ద డాక్టరు నలుగురి ముందూ కడిగేశాడు. ఆ మాట చెప్పుకుని అక్క దగ్గర ఏడుస్తుంటే, బావ తల ఎత్తకుండా, “మిషను పాతదై ఉంటుందిలే,” అన్నాడు.

మూడో నెలలో ఆ పిచ్చి గీతను చూసి, క్రేను నడిపే ఒకాయనకు గుండెజబ్బని రాశారు. ఆయన్ని పనిలోంచి దింపేశారు. వేరేచోట పరీక్ష చేయించుకుంటే ఏమీ లేదని తేలింది. ఆయన వచ్చి నిలదీస్తే తప్పంతా మరదలి నెత్తిన పడింది. ఉద్యోగం ఊడింది.

అప్పుడు కదిలాడు ఎక్స్‌రే. సూపరింటెండెంటును ఆ గదిలోకి తీసుకెళ్లి లైటు ఆర్పాడు. గీత శుభ్రంగా వచ్చింది. లైటు వేస్తే మళ్లీ గడ్డి.

“మరి ఈ సంతకం నీదేగా?” అన్నాడాయన, పాత ఫారం తెప్పించి.

కాంట్రాక్టరు తనకేమీ తెలియదన్నాడు. ఎక్స్‌రే లైసెన్సు పోయింది. లైట్లు వేరేవాళ్లు బాగుచేశారు. మరదలి కుర్చీలో అప్పటికే వేరే అమ్మాయి కూర్చుంది.

సంతకం బయటపడిన సాయంత్రమే వెళ్లి మరదలికి అంతా చెప్పాడు.

“మొదటి వారం నుంచీ తెలుసా బావా?”

“అనుమానం ఉంది.”

“అనుమానమా?”

“తెలుసు.”

ఆమె గొంతు పెంచలేదు. “నా చేతులే వణుకుతున్నాయేమోనని నరాల డాక్టరుకు చూపించుకున్నాను. బండి మీద తీసుకెళ్లింది నువ్వే.”

ఇప్పుడామె కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తోంది. అతను ఇంట్లో లేని వేళ చూసుకుని అక్క దగ్గరికి వస్తుంది. భార్య అతనికి వేళకు అన్నం పెడుతుంది. పెట్టి, తన కంచం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లిపోతుంది.