సుజాత బెల్టులో నా బిళ్ల

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. దేవుడి పటం ముందు నిలబడి చెప్పబోయాను, దేవుడికి తెలియనిదా అని ఊరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది. ఒక ఆడదాని కడుపున పడాల్సిన బిడ్డను పడనివ్వకుండా చేశాను. మందు పెట్టి కాదు. చేతికి కట్టుకునే ఒక బ్యాండుతో.

మాది పటేల్‌గూడ. నాన్న గోదావరి వైపు నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. సుజాత నా పక్కనే పని. జోగిపేట దగ్గరి పల్లె పిల్ల, కాస్త భూమి ఉన్న ఇల్లు. అక్కా అని పిలవడమే కాదు, తన డబ్బాలో నాకోసం విడిగా తొక్కు తెచ్చేది.

ఒక ఏడాది కంపెనీవాళ్లు మా వేడి సెక్షన్‌లో అందరి చేతులకీ బ్యాండ్లు కట్టించారు. కొన్నాళ్లు అలవాటయ్యాక, గుండె ఎలా కొట్టుకుంటోందో ఒక వారం పాటు చూస్తారట, తేడా ఉన్నవాళ్లను పక్కన పెడతారట. కాంట్రాక్టువాళ్లను పక్కన పెట్టడమంటే ఇంటికి పంపడమే.

ఆ బ్యాండులో అసలు యంత్రం మధ్యలోని నల్ల బిళ్ల, కంపెనీ లెక్కలో మా పేరుండేది దానికే. బెల్టు వట్టి రబ్బరు. వెనక నుంచి బొటనవేలితో నెడితే బిళ్ల ఊడొస్తుంది, ఇంకో బెల్టులో నొక్కితే కూర్చుంటుంది. నాకిది నేర్పింది సుజాతే. లోపల గాజులు వేసుకోకూడదు, పూలు పెట్టుకోకూడదు, అందరికీ అదే నీలం యూనిఫారం. మాకు మిగిలిన సోకు ఆ బెల్టు ఒక్కటే. పటాన్‌చెరులో బండి మీద రంగురంగులవి కొని మార్చుకునేవాళ్లం. ఎవరి బ్యాండు ఏదో బెల్టు రంగును బట్టే గుర్తు. బిళ్లలన్నీ ఒకేలా ఉంటాయి, వాటి మొహం ఎవరు చూస్తారు?

అప్పటికే నాకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ. మా ఆయనకు పని లేదు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. ఆ వారం మొదట్లోనే, డ్యూటీ దిగి సుజాత స్నానానికి వెళ్లినప్పుడు, కొక్కానికున్న ఆమె పచ్చ బెల్టులోంచి బిళ్ల తీసి నా బెల్టులో పెట్టుకున్నాను. నాది ఆమె బెల్టులో నొక్కాను. వారమంతా నా గుండె ఆమె పేరు మీద కొట్టుకుంది. తర్వాత అలాగే మళ్లీ మార్చేశాను. వెనక్కి తగ్గానా? లేదు. ఆమెకు ఊళ్లో పొలం ఉంది, పని పోయినా పస్తుండదు అనుకున్నాను. అప్పుడే అనుకున్నానా, తర్వాత నా కోసం నేను కల్పించుకున్నానా? ఇప్పుడు తేల్చుకోలేను.

సుజాతను పని నుంచి తీసేశారు. పోతే ఉద్యోగమే పోతుందనుకున్నాను. కొన్నాళ్లకు గేటు దగ్గర నాకోసం నిలబడి ఉంది.

“అక్కా, సంగారెడ్డిల డాక్టర్‌కు సూపిచ్చుకున్న. ఏం లేదన్నడు. గాయన జెర సేపే సూసిండు, మిషనేమో వారం దినాలు సూసింది. ఎవల్ని నమ్మాలె? రెండో పిల్ల కోసం సూస్తున్నం గదా, మా అత్త వద్దే వద్దంటున్నది. కాన్పుల పానం మీదికొస్తదంట.”

“మిషన్‌కు అబద్ధం చెప్పాల్సిన పనేముంది సుజాతా,” అన్నాను. “జెర పైలంగా ఉండు.”

“గంతేనంటవా?”

“అంతే.”

బిళ్ల మార్చింది భయంతో. ఒప్పుకుంటాను. ఈ మాట అన్నది దేనితో? డాక్టర్ చెప్పిందే నిజమని ఒక్క మాట అంటే చాలు, నా పేరు కూడా బయటికొచ్చేది కాదు. అయినా అనలేదు, ఎందుకంటే ఆమె డాక్టర్‌ను నమ్మితే బిళ్ల మీద అనుమానమొస్తుంది, అనుమానమొస్తే నా దాకా వస్తుందని అప్పుడు లెక్కేసుకున్నాను. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. ఛీ, నా బతుకు.

నా గుండెకేమైందో కూడా వినండి. ఓ రోజు ఇంట్లో కళ్లు తిరిగి పడ్డాను. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, రక్తం తక్కువుంది, అందుకే ఆ దడ అంది. ఐరన్ మాత్రలు రాసింది. ఆ దడ పోయింది. మాత్రలతో పోయేదానికి నేను ఇంత పని చేశాను.

ఈమధ్య జోగిపేటలో ఒక పెళ్లికి వెళితే సుజాత కనిపించింది. నిక్షేపంలాంటి మనిషి, ఎదమీద చెయ్యి పెట్టుకుని మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కుతోంది. సంచులన్నీ కూతురు మోస్తోంది. ఆ ఒక్కతే కూతురు. నన్ను చూసి సంబరంగా చెయ్యి పట్టుకుంది, నా ఒంట్లో ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాను.

ఇప్పుడు చెప్పి ఏం లాభం అని ఇన్నేళ్లు సర్దిచెప్పుకున్నాను. లాభం నాకు లేదు, ఆమెకు ఉంది. ఆమె ఈడు ఇంకా దాటిపోలేదు. నేను నోరు మూసుకున్నకొద్దీ దాటిపోతోంది. ఇది పాత తప్పు కాదు, ఇవాళ కూడా చేస్తున్నాను.

సుజాతా, నీ గుండెకు ఏమీ కాలేదు. ఆ దడ నాది.

ఈ మాట ఆమె ముందు అనగలనో లేదో తెలియదు. ఇక్కడ రాశాక మాత్రం ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఆడటం న్యాయమా అంటే, కాదు.