పటిక నీళ్లు

చేపలమ్మే మనిషికి నీచు వాసన కొత్త కాదు. అందుకే గంగరత్నం మొదట్లో పట్టించుకోలేదు. తెల్లవారేసరికి సూర్యలంక ఒడ్డున వేలంపాటలో చేపలు కొనుక్కుని, బాపట్ల వీధుల్లో తిరిగి అమ్ముకుని, మిట్టమధ్యాహ్నానికి ఇల్లు చేరడం పదిహేనేళ్లుగా ఆమె పని. రాగానే స్నానం. నీచుతో గంగమ్మ పటం ముందు దీపం పెట్టకూడదని, స్నానం నీళ్లలో పటిక బిళ్ల నాలుగు చుట్లు తిప్పాలని, పోయిన అత్తగారు నేర్పింది. చేపలమ్మే ఇళ్లలో ఆడవాళ్లందరూ చేసేదదే.

ఈ రెండు నెలలుగా మాత్రం ఎంత పటిక తిప్పినా వాసన పోవడం లేదు. తెల్లబట్ట, దురద, మంట. వాసన గంపది కాదు, తన లోపలిదేనని ఒకనాడు గంగరత్నానికి తెలిసింది. ఆనాటి నుంచి పటిక నీళ్లతో లోపల కూడా కడగడం మొదలుపెట్టింది. రోజుకొకసారి కాస్తా మూడుసార్లయింది. కడిగినకొద్దీ మంట పెరిగింది. మనసు కాలు నిలవని కోడిలా తిరిగింది.

ఆమె భయం వేరు. మొదటి భర్త పోతూ పోతూ హెచ్‌ఐవిని మిగిల్చిపోయాడు. ఆ సంగతి తెలిసే చిన్నయ్య ఆమెను మనువాడాడు. అతనికి ఆ జబ్బు లేదు. మాత్రలు తప్పకుండా వేసుకుని, రక్తంలో వైరస్ కనబడనంతగా అణిగి ఉంటే భర్తకు అంటదని తెనాలి ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. ఆ ఒక్క మాట మీద వాళ్ల కాపురం నిలబడింది. తొమ్మిదేళ్లలో ఒక్క మాత్ర మానలేదు. మరి ఈ వాసనేమిటి? జబ్బు మళ్లీ పైకి లేచిందా? అంత మంచివాడికి తన వల్ల అంటుకుంటుందా?

చాప వంటింట్లోకి మార్చేసింది.

“ఏంటే, నా గురకకి జడిసి పారిపోయావా?” అన్నాడు చిన్నయ్య నవ్వుతూ. నాలుగు రోజులు చూసి, వల బాగుచేసుకుంటూ తలెత్తకుండా అడిగాడు. “నేనంటే మొహం మొత్తిందా?”

“నడుం నొప్పి మావా, అంతే,” అంది. అబద్ధం చెప్పిన నోటితో ఆ సాయంత్రం దీపం ముందు ఏమీ అడగలేకపోయింది.

రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షకు నెల కిందట రక్తం ఇచ్చింది. ఫలితం చెప్పే రోజు రానే వచ్చింది. బాపట్లలో ఎవరైనా చూస్తారని ఆమె మొదటినుంచీ తెనాలిలోనే మందులు తీసుకుంటుంది. పాసింజరు బండిలో చోటున్నా కూర్చోలేదు. వాసన ఎవరికి కొడుతుందోనని తలుపు దగ్గర గాలికి నిలబడింది. రేపల్లె వెళ్లే ముసలమ్మ ఒకామె పక్కకు జరిగింది.

“రా అమ్మా, కూర్చో. కాళ్లు పీక్కుపోతాయి.”

“వద్దులే పిన్నీ, నేను చేపలమ్మేదాన్ని, వాసనొస్తా.”

“మా అమ్మా చేపలే అమ్మింది. కూర్చో!” అని చెయ్యి పట్టి లాగింది. నిడుబ్రోలు దాటేదాకా గంగరత్నం ఆ చెయ్యి వదల్లేదు.

తెనాలి ఆసుపత్రిలో డాక్టర్ మాధురి కాగితం చూసి, “వైరస్ కనబడలేదు గంగరత్నం. బాగుంది,” అంది.

“బాగుండటమేంటండి! మరి ఈ వాసన?” అని ఏడుస్తూ అంతా చెప్పేసింది.

డాక్టరమ్మ పరీక్ష చేసి చేతులు కడుక్కుని వచ్చింది. “మాత్రలు బాగానే పనిచేస్తున్నాయి. ఇది వేరే. పాలు తోడుకోవాలంటే తోడు కావాలిగా? అలాగే ఆడవాళ్ల లోపల మంచి సూక్ష్మజీవులుంటాయి. అవి కాస్త పులుపు పుట్టించి చెడ్డవాటిని పెరగనివ్వవు. అవి తగ్గి చెడ్డవి పెరిగితే ఈ వాసన. నువ్వు పటికతో కడిగి మిగిలిన మంచివాటినీ పోగొట్టుకున్నావు. లోపల ఒరిసి వాచింది. ఆ వాపు ఉంటే ఇంకే జబ్బయినా సులువుగా దూరుతుంది. కడగమని ఎవరు చెప్పారు?”

“మా అత్తండి.”

“ఒంటికా, లోపలికా?”

గంగరత్నం ఆలోచించింది. “ఒంటికేనండి. లోపలికి... నేనే.” ముక్కు చీది అడిగింది. “అయితే పెరుగు పెట్టుకోమంటారా?”

“అయ్యో తల్లీ! పెరుగు అన్నంలో తిను. లోపల ఏమీ పెట్టకు, ఏమీ కడగకు. ఏడు రోజులు ఈ మాత్రలు వేసుకో, పాత మాత్రలు మానకు. అప్పటిదాకా దూరంగా ఉండండి. మీ ఆయనకి చెప్పావా?”

చెప్పలేదు. తిరుగు ప్రయాణమంతా ఎలా చెప్పాలా అని కొంగు మడతలు పెట్టి విప్పుతూనే ఉంది.

దీపాల వేళకు ఇల్లు చేరింది. చిన్నయ్య అరుగు మీద కాచుకుని ఉన్నాడు. చెప్పులు విడవకుండానే అంతా చెప్పేసింది.

“ఏడు రోజులా?” అన్నాడతను. “వేటకెళ్తే పది రోజులు సముద్రంలో ఉండనా నేను? ఈ మాట అప్పుడే చెప్పి చావచ్చుగా! నువ్వెళ్లిపోతావేమోనని వలకి ఎన్ని తప్పుముళ్లు వేశానో చూడు.”

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయామెకు. స్నానానికి నీళ్లు తోడుకుంది. అలవాటుగా చెయ్యి పటిక ఉండే గూట్లోకి వెళ్లి ఆగిపోయింది.

“ఉత్త నీళ్లతో స్నానం చేసి దీపం ఎలా పెట్టను మావా? అమ్మవారికి నీచు...”

“గంగమ్మ ఉండేదే చేపల మధ్య. ఆవిడకి నీచేంటే, పిచ్చిదానా?”

అతను గూట్లోంచి పటిక బిళ్ల తీసి, మట్టి అడుక్కి దిగేలా తాగే నీళ్ల బిందెలో రెండు చుట్లు తిప్పాడు. గంగరత్నం తడి జుట్టుతో వచ్చి దీపం వెలిగించింది. తర్వాత వంటింట్లోంచి చాప తెచ్చి అతని చాపకు మూరెడు దూరంలో పరిచింది.