ఓజెల్లా తల ముంచింది

మనవరాలి బడి ఈతకొలనుకు వస్తూ ఓజెల్లా టిబ్స్ తలకు రెండు ప్లాస్టిక్ టోపీలు తొడుక్కుంది. శనివారం వేడి దువ్వెనతో సాపు చేయించుకున్న జుట్టు తడిస్తే మళ్లీ ఉంగరాలు తిరుగుతుంది. డెబ్బై రెండేళ్ల ఆ మనిషికి జుట్టు బెంగ కంటే నీళ్ల భయం పాతది.

ఆమె చిన్నప్పుడు, నల్లపిల్లల్ని కూడా ఊరి కొలనులోకి రానివ్వాలని కోర్టు చెప్పింది. అమెరికాలో మా అలబామా ఊరి తెల్ల పెద్దలు బాగా ఆలోచించి, ఆ కొలనులోనే మట్టి పోయించారు. ఇప్పుడక్కడ కార్లు ఆపుకుంటున్నారు. తెల్లపిల్లలకు క్లబ్బులో వేరే కొలను వచ్చింది. ఓజెల్లాకు మాత్రం తల్లి నీళ్ల దగ్గరికి పోవద్దని నేర్పింది. ఓజెల్లా అదే తన కూతురికి నేర్పింది, ఆ కూతురు తన ఆరేళ్ల బిడ్డ నైలాకు నేర్పింది. ఆ ఇంట్లో తల్లి నుంచి బిడ్డకు దక్కిన ఆస్తి అదొక్కటే.

బడిలో ఈత నేర్పుతున్నారు గానీ నైలా గట్టు దిగడం లేదు.

"ముందు నువ్వు తల ముంచు అమ్మమ్మా, అప్పుడు దిగుతా," అంది.

గట్టు మీద ఓజెల్లా స్నేహితురాలు మర్డిస్ పగలబడి నవ్వింది. "ఏమే ఓజెల్లా, ఆ టోపీలు తలకా, కూరగిన్నెకా?"

"నోర్ముయ్యవే! స్నానానికి గొడుగేసుకునే మొహమూ నువ్వూ!"

ఓజెల్లా నీళ్లలోకి దిగి, ముక్కు మూసుకుని మునిగింది. లేచేసరికి టోపీలు రెండూ పక్కన తేలుతున్నాయి, జుట్టు పొదలా లేచింది.

"థూ, క్లోరిన్ మందు కంపు!" అంది.

నైలా కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే మెట్లు దిగింది. నీళ్లు ఆ పిల్ల గడ్డం దాకా వచ్చాయి.