స్వామి పేరున స్కూటర్, అక్క పేరున పన్ను

మా తోడికోడలు చాముండేశ్వరికి నోరు పెద్దదని ధర్మవరంలో అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ఆమె నోరు సరిగ్గానే ఉంది, వినేవాళ్లకే ఓపిక తక్కువ. నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను ధరణీ అంటుంది. ఆమె మొగుడు, మా బావ గంగాధరప్ప మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన నేసిన చీరల్ని మూటగట్టి, బస్సెక్కి, పెనుకొండలోనూ హిందూపురంలోనూ ఇల్లిల్లూ తిరిగి అమ్మేది అక్క. ఏళ్ల తరబడి అదే పని.

అలాంటి మనిషికి మోకాళ్లు మొరాయించాయి. ఇక మూట మోయొద్దన్నాడు డాక్టరు. ఇంట్లో కూర్చోబెడితే అక్క ఊరుకుంటుందా? నా కూరలో ఉప్పు మొదలుకొని పక్కింటి కోడి కూత దాకా అన్నిటికీ వంకలు పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయేది, మరుక్షణం జాలేసేది. ఒక్క స్కూటర్ ఉంటే మూట ముందు పెట్టుకొని మళ్లీ ఊళ్లు తిరుగుతానని ఆమె ఆశ. అది లేకపోతే వ్యాపారం ముగిసినట్టే.

దసరాకు హిందూపురంలో ఒక అంగడిలో అక్క పిండి గ్రైండర్ కొంటే లక్కీ డ్రా కూపన్ ఇచ్చారు. మా ఇంట్లో ఏదైనా మొదటిది కదిరి నరసింహస్వామి పేరునే. కొత్త పడుగులో తొలి చీర ఆయన పేరు చెప్పే కోస్తాం. చీటీ కట్టినా తొలి చీటీ ఆయన పేరునే. అక్కకు దొరికింది ఒక్క కూపనే, అయినా మొదటిది మొదటిదే. పేరు దగ్గర శ్రీ లక్ష్మీనరసింహస్వామి, కదిరి అని రాసి, కింద తన ఫోన్ నంబరు వేసింది.

డ్రా రోజు ఇంటిల్లిపాదీ వెళ్లాం. మొదటి బహుమతి స్కూటర్. అంగడి మేనేజరు ఉదయ్ కుమార్ మైకులో స్వామి పేరు చదివాడు. జనం గోవిందా అంటూ గొల్లుమన్నారు. ఆయన కూపన్ మీది నంబరుకు ఫోన్ చేస్తే, మా అక్క సంచీలో మోగింది. నన్ను పట్టుకొని ఆమె గంతులేసింది. మోకాళ్ల నొప్పి ఏమైపోయిందో ఆ నరసింహస్వామికే తెలియాలి.

వేదిక దిగాక ఉదయ్ కుమార్ అసలు సంగతి చెప్పాడు. "బిల్లు మీ పేరునే ఉండాదక్కా, ఫోనూ మీదే. కాబట్టి గెలిచింది మీరే. పాన్ కార్డు ఇయ్యండి. బండి లక్ష రూపాయలు. ముందు ముప్పై వేలు పన్ను కట్టల్ల, తర్వాతే తాళం."

"గెలిచినోళ్లకు ఇస్తారు గానీ, గెలిచినోళ్ల కాడే తీసుకునేదేందప్పా?"

"దుడ్లయితే మేమే ముప్పై శాతం పట్టుకొని మిగతాది ఇస్తాం. బండిని కోసి ఇయ్యలేం కదక్కా."

"నాకు పన్ను కట్టేంత సంపాదన యాడిది?"

"లాటరీ, పేకాట, లక్కీ డ్రా, వీటిల్లో వచ్చిందానికి ఆ మినహాయింపు ల్యాదు. ఎంత తక్కువ సంపాదనోళ్లయినా అదే రేటు."

అక్క నోటికొచ్చినట్టు తిట్టిపోసింది. ఎవరిని తిడుతోందో ఆమెకే తెలియదు. ఇంతలో మా చిన్నమామ వీరభద్రయ్య గొంతు సవరించుకున్నాడు. పుల్ల వేయడంలో ఆయన్ను మించినవాడు లేడు.

"కొట్లాట యాల? కూపన్ మీద స్వామి పేరుండాది. బండి స్వామిది. గుడికిచ్చేస్తే పుణ్యం వస్తాది."

బావ అవునన్నట్టు తలూపాడు. అక్క ఒక్కసారిగా తిట్టడం ఆపేసింది.

"ఉదయప్పా," అంది నెమ్మదిగా. "ఆ పన్ను ఎవురి పేరున కడతారు?"

"మీ పేరున. మీ పాన్ నంబరు మీదనే."

"విన్నావా చిన్నమామా? స్వామికి గరుత్మంతుడు ఉండాడు. నాకెవురుండారు? సర్కారోళ్లు గెలిచింది నేనే అని నా కాడ పన్ను తీసుకుంటాంటే, బండి నాది కాక ఇంకెవురిది?" అంతవరకు పన్నును తిట్టిన మనిషి, "వారంలో కడతా, బండి మీద చెయ్యి పడనీకు" అని ఉదయ్ కుమార్‌కే హుకుం జారీ చేసింది.

మర్నాడు పెనుకొండ బస్సెక్కాం. అప్పు మీద చీరలు తీసుకొని వచ్చే నెల, వచ్చే నెల అంటూ తిప్పించుకునే టీచరమ్మలున్నారు. "ఇన్‌కం టాక్స్ కట్టల్లమ్మా" అని అక్క గుమ్మంలో నిలబడి చెప్పేసరికి గబగబా బీరువాలు తెరిచారు. పన్ను కట్టే మనిషికి ఉండే మర్యాదే వేరు. వారం తిరక్కముందే తాళం అక్క చేతికొచ్చింది. మూట ముందు పెట్టుకొని ఆమె మొదటిసారి రోడ్డెక్కిన రోజు నేను నవ్వుతూ ఏడ్చాను.

జూలైలో ఇన్‌కం టాక్స్ రిటర్ను వేయడానికి హిందూపురంలో ఆడిటర్ శివప్రసాద్ దగ్గరికి వెళ్లాం. పన్ను మీద నాలుగు శాతం సెస్సు కింద ఇంకో పన్నెండు వందలు కట్టాలన్నాడు. అక్క గొణగకుండా తీసి ఇచ్చింది. ఆయన కంప్యూటర్లో లక్కీ డ్రా లక్ష ఎక్కించి, "వేరే ఆదాయం ఏమన్నా ఉందా అమ్మా?" అని అడిగాడు.

అలవాటు కొద్దీ బావ జవాబిచ్చాడు. "ఏమీ ల్యాదప్పా. ఇంట్లోనే ఉంటాది."

అక్క కుర్చీని బావ వైపు తిప్పుకుంది.

"ఇంట్లో ఉంటానా?" అంది. గొంతు పెంచలేదు. "ఒక్క పొద్దు అదృష్టం కలిసొస్తే అది ఆదాయమా? ఇన్నేండ్లు మూట మోసిందేందయ్యా?"

బావ తల వంచుకున్నాడు. శివప్రసాద్ సర్దిచెప్పబోయాడు. "చీరల మీద వచ్చేదానికి మీకు పన్ను పడదమ్మా. చూపించాలంటే ఫారం మార్చాలి."

"మార్చప్పా," అన్నాడు బావ. ఆయన గొంతు అంత గట్టిగా వినడం నేను కాపురానికొచ్చాక అదే మొదలు. "నేసేది నేను, కూలి నాది. వ్యాపారం ఆమెది. చీరల వ్యాపారం అని రాయి. ఏడాదికి లక్షా ఇరవై వేలు మిగుల్తాది."

అక్క కళ్లు తుడుచుకుంది. కాసేపు పైట కొంగు మెలిపెడుతూ కూర్చుంది.

"లక్షా అరవై," అంది చిన్నగా. "నీకు చెప్పనివి కొన్ని ఉండాయి."

బావ నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచి పగలబడి నవ్వాడు. "అదే రాయప్పా" అన్నాడు.