టేకాకుల్లో వచ్చిన ఐస్ గడ్డ

దయ్యం పేరెత్తిన పిల్లలచేత గుంజీలు తీయించిన సైన్సు పంతుల్ని నేను. చొప్పదండి బడిలో ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే ఇది చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

అరవైల నడుమ ఒక మే నెల. మా చెల్లె లక్ష్మికి రక్త క్యాన్సర్ అని కరీంనగర్ ఆసుపత్రిలో చేర్చాం. ఏడాది నిండని కొడుకును అత్త దగ్గర వదిలి వచ్చింది. ఒంట్లో రోగాన్ని ఎదిరించే బలం పోయింది, జ్వరం పట్టుకుంది. పెన్సిలిన్ ఎంత పొడిచినా దిగలేదు.

“రక్తంల బూజు చేరినట్టున్నది. దానికి వేరే మందు బొంబాయి నుంచి తెప్పియ్యాలె” అన్నారు డాక్టరు.

పన్నెండు సీసాలు దొరికాయి. రోజుకొకటి గ్లూకోజులో కలిపి ఎక్కిస్తుంటే మంచం ఊగేలా వణికేది పిల్ల. ఆ సీసాలను చల్లగా ఉంచకపోతే మందు చెడిపోతుందట. ఆసుపత్రి ఫ్రిజ్ పాడై ఉంది. ఐస్ డబ్బానే దిక్కు. కరీంనగర్ ఎండల సంగతి వేరే చెప్పాలా?

మొదటి రోజు ఐస్ నేనే తెచ్చాను. రెండో రోజు మధ్యాహ్నం తిండికి వెళ్లి వచ్చేసరికి కిటికీ గట్టు మీద పొట్లం ఉంది. పచ్చని టేకాకుల్లో ఐస్ గడ్డ, పైన మోదుగ నారతో రెండు ముళ్లు. అమ్మను మేం అవ్వ అంటాం. చెల్లె దగ్గరున్న ఆమే ఎవరిచేతనో తెప్పించిందనుకున్నాను. అప్పట్నుంచి రోజూ అదే వేళకు వచ్చేది. విప్పితే లేతాకు రసానికి నా వేళ్లు ఎర్రబడేవి.

ఎనిమిదో రోజు జ్వరం దిగింది. చెల్లె గంజి అడిగింది. నేను వరండాలోకి పోయి ఏడ్చాను.

ఆఖరి సీసా ఎక్కిన మర్నాడు పొట్లం రాలేదు. నాలుగు మంచి మాటలు చెప్పి వద్దామని ఐస్ ఫ్యాక్టరీకి పోయాను. తాళం వేసి ఉంది. రోజూ ఐస్ పంపినందుకు మెచ్చుకోబోతే కావలి ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు.

“మీరొచ్చిపోయిన దినమే మిషన్ కాలిపోయె సారూ. ఊరంత పరేషాన్ ఉన్నది. మీకు ఐస్ యాడికెల్లి వచ్చింది?”

తిరిగి వచ్చి అవ్వను అడిగాను. ఆమె మంచం కింది నుంచి ఒక మూట తీసింది. అన్నీ టేకాకులే, కడిగి, ఆరబెట్టి దాచింది. అప్పుడు తట్టింది నాకు. మే నెలలో అడవిలో కూడా టేకు చెట్లు మోడులే కదా, పచ్చాకు ఎక్కడిది?

“మీ బాపు జైనూర్ అడవిల కొలువు చేసేటప్పుడు తేనెపట్టు గిట్లనే కట్టి తెచ్చేటోడు. గివే రెండు ముళ్లు. మొదటి దినమే పోల్చిన కొడుకా. చెప్తే నువ్వు నవ్వుతవని చెప్పలే.”

బాపు పోయి అప్పటికి తొమ్మిదేళ్లు.

క్యాన్సర్‌ను ఏ మందూ ఆపలేకపోయింది. అయినా చెల్లె ఇంకో పద్నాలుగు నెలలు బతికింది. కొడుకు నడక చూసింది, వాడి నోట “అవ్వా” అనిపించుకుంది. ఆ పిలుపు విన్న రోజు దాని ముఖం చూశాను, అది చాలు నాకు.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ ఐస్ ఎక్కడిదో ఇప్పటికీ తేల్చుకోలేదు. చెల్లె జ్వరం దిగిన రోజే డాక్టరుకు దండం పెట్టి వచ్చాను. ఐస్ తెచ్చినవాళ్లకు ఎక్కడ పెట్టాలో తెలియక, ఏటా మే నెలలో ఆ ఆకుల మూట తీసి కళ్లకద్దుకుంటాను.